పి.కె. నాయర్ గారి జీవితం: మన తెలుగు రీళ్లు ఎక్కడికి పోయాయి?

పెదవాల్తేరు:
సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ‘సెల్యులాయిడ్ మ్యాన్’ డాక్యుమెంటరీని రెండోసారి చూశాక, అది ఎవరి గురించి తీశారో ఆ పి.కె. నాయర్ గారి గురించి ఇక్కడ ఒక చర్చ మొదలుపెట్టాలనిపించింది. మన వేదికలో నటుల గురించీ దర్శకుల గురించీ వందల చర్చలున్నాయి కానీ, వాళ్ల కష్టాన్ని డబ్బాల్లో భద్రపరిచిన మనిషి గురించి నేను వెదికినంతలో ఒక్కటీ కనబడలేదు.

పరమేశ్ కృష్ణన్ నాయర్ 1933 ఏప్రిల్ 6న తిరువనంతపురంలో పుట్టారు. హాల్లో తెల్లటి ఇసుక మీద కూర్చుని పౌరాణికాలు చూస్తూ పెరిగిన ఆ కుర్రవాడు, సినిమా అయిపోయాక కూడా టికెట్టు ముక్కను పారెయ్యకుండా దాచుకునేవాడు. 1953లో సైన్సు డిగ్రీ పూర్తి చేసి, దర్శకుడు కావాలని బొంబాయి వెళ్లి, మెహబూబ్ ఖాన్, బిమల్ రాయ్, హృషీకేశ్ ముఖర్జీ వంటి వారి దగ్గర పని చూశారు. ఆ దారి తనది కాదని తేలిపోయాక 1961లో పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో రీసెర్చి అసిస్టెంటుగా చేరారు. 1964లో పాత సినిమాలను సేకరించి దాచే ప్రభుత్వ సంస్థ, జాతీయ ఫిల్మ్ ఆర్కైవు, పూణేలో ఏర్పడింది. మరుసటి ఏడాది నవంబరులో ఆయన అందులో అసిస్టెంట్ క్యూరేటర్ అయ్యారు, 1982లో డైరెక్టర్ అయ్యారు. 1991లో పదవీ విరమణ చేసే నాటికి అక్కడ సుమారు 12,000 సినిమాలు చేరాయి, వాటిలో 8,000 వరకు మన దేశంలో తీసినవే. 2016 మార్చి 4న పూణేలోనే కన్నుమూశారు.

ఉద్యోగం వివరాలు ఇంతే. కానీ ఆ 12,000 డబ్బాలు వాటంతట అవి నడిచి రాలేదు కదా! మన సినిమాకు ఆద్యుడైన దాదాసాహెబ్ ఫాల్కే సినిమాలు మనకు కొంతైనా మిగిలాయంటే, నాయర్ గారు నాసిక్ వెళ్లి ఆ కుటుంబాన్ని కలుసుకోవడమే కారణం. 1919 నాటి ‘కాళీయ మర్దన్’లో చిన్ని కృష్ణుడిగా వేసిన ఫాల్కే కూతురు మందాకినిని ఈ రోజు మనం తెర మీద చూడగలుగుతున్నది ఆ ప్రయాణం వల్లనే. ‘రాజా హరిశ్చంద్ర’లో మొదటి రీలూ చివరి రీలూ మాత్రమే దొరికాయి. దొరికినవి కూడా 1913 నాటివి కావనీ, ఫాల్కే 1917లో మళ్లీ తీసిన వాటిలోవనీ వాదించే చరిత్రకారులున్నారు. ఏది నిజమైనా, వాదించుకోవడానికి ఆ రెండు రీళ్లయినా చేతిలో ఉన్నాయి.

మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ సంగతి అలా కాదు. దాన్ని తీసిన అర్దేషిర్ ఇరానీని ఆయన వృద్ధాప్యంలో నాయర్ గారు కలిస్తే, కొన్ని రీళ్లు ఎక్కడో ఉండాలి, మా అబ్బాయిని అడగండి అన్నారట. ఆ అబ్బాయి పక్కకు పిలిచి, వెండి కోసం వాటిని తానే ఎప్పుడో వదిలించుకున్నానని చెప్పాడట. తండ్రికి ఆ మాట తెలియదు. ఈ సంగతిని నాయర్ గారు కెమెరా ముందు చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో కోపం కనబడదు. నాకు మాత్రం ఆ దృశ్యం దగ్గర ఆపి, లేచి మంచినీళ్లు తాగి రావలసి వచ్చింది.

మన వైపు పరిస్థితి ఏమిటో తెలిసిన వాళ్లు చెప్పగలరా?

క్యాబిన్ తాత:
వాల్తేరు గారూ, నేను విశాఖలో రెండు హాళ్లలో కలిపి ముప్పై మూడేళ్లు ఆపరేటర్‌గా పని చేశాను. వెండి సంగతి మీరు ఎత్తారు కాబట్టి దాని లోపలి విషయం చెబుతాను.

నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ అంటే వెండి రేణువులే. ప్రింటును రసాయనంలో కడిగితే వెండి దిగుతుంది, కింద పారదర్శకమైన పట్టీ మిగులుతుంది. ఆ పట్టీని కూడా వృథా పోనిచ్చేవారు కారు, గాజులకూ ఆడవాళ్ల చేతిసంచులకూ వాడేవారు. మన అమ్మమ్మలు వేసుకున్న గాజుల్లో ఏ మూకీ సినిమా ఉందో ఎవరు చెప్పగలరు?

1950ల మొదటి సంవత్సరాల వరకు వాడిన ఫిల్ము నైట్రేటు. అది అంటుకుంటే మండడానికి కావలసిన ప్రాణవాయువు దానిలోనే పుడుతుంది కాబట్టి నీళ్లు పోసినా ఆరదు. మా గురువుగారు ఆ రోజుల్లో ప్రొజెక్టరు ఉండే క్యాబిన్ తలుపు గడియ పెట్టనిచ్చేవారు కారని చెప్పేవారు. పూణేలో కూడా 2003 జనవరిలో నైట్రేటు రీళ్లు దాచిన చోటనే అగ్నిప్రమాదం జరిగి, నాయర్ గారు ఏళ్ల తరబడి పోగు చేసిన వాటిలో ఎన్నో బూడిదయ్యాయి. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము అలా మండదు గానీ, ఉక్కకూ తేమకూ పులిసిపోతుంది. డబ్బా మూత తియ్యగానే వెనిగర్ వాసన గుప్పున కొడుతుంది. ఆ వాసన వచ్చిందంటే లోపల ఫిల్ము కుంచించుకుపోవడం మొదలైందన్న మాట. పక్కన ఉన్న మంచి డబ్బాలకు కూడా ఆ జబ్బు అంటుకుంటుంది.

ఇక మన ఊరి సంగతి. ఉత్తరాంధ్ర ఏరియా మొత్తానికి సినిమా రీళ్ల పెట్టెలు విశాఖ నుంచే కదిలేవి. పాతపోస్టాఫీసు వైపు ఒక పంపిణీదారుడి గోడౌను ఉండేది, పేరు అనవసరం. సినిమా హక్కుల గడువు తీరిన తరువాత ఆ ప్రింటు మళ్లీ ఎవరూ దొంగచాటుగా ఆడించుకోకుండా నరికెయ్యాలన్నది ఒప్పందం. నేను ఒకసారి ఏదో పెట్టె తిరిగి అప్పజెప్పడానికి వెళ్లేసరికి ఇద్దరు కూలీలు నేల మీద రీలు పెట్టి గొడ్డలితో రెండు చెక్కలు చేస్తున్నారు. అరటి బోదెను నరికినట్టు మెత్తగా దిగుతోంది గొడ్డలి. ఆ వారం రోజులూ నేనే రోజుకు నాలుగు ఆటలు ఆడించిన సినిమా అది. తెగిన ప్రతి చోటా ఫిల్ము జిగురు రాసి అతికించిన చెయ్యి నాది. నేనేమీ అనలేదు, రసీదు తీసుకుని వచ్చేశాను. ఆ రోజు అడిగి ఉంటే ఒక్క రీలయినా ఇచ్చేవాడేమో.

మన మొదటి టాకీ, 1931 సెప్టెంబరు 15న విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ అడ్రసు లేకుండా పోవడం వెనక కూడా ఇలాంటి గొడ్డలే ఏదో ఉండి ఉంటుంది.

నిర్వాహకుడు:
తాత గారూ, ఒక చిన్న సవరణ. సెప్టెంబరు 15 అన్న తేదీ చాలా కాలం చలామణిలో ఉంది, ఇప్పటికీ కొందరు ఆ రోజునే తెలుగు సినిమా పుట్టినరోజు జరుపుతున్నారు. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత పత్రికలనూ సెన్సారు వివరాలనూ తవ్వి, ఆ సినిమా విడుదలైనది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో అని నిరూపించారు. సినిమా పోయింది, చుట్టూ ఉన్న కాగితం మిగిలింది కాబట్టి తేదీ అయినా సరిచేసుకోగలిగాం. నాయర్ గారు రీళ్లతో పాటు పోస్టర్లు, పాటల పుస్తకాలు, ఫోటోలు కూడా వదలకుండా చేర్పించడంలో ఉన్న తెలివి ఇదే.

ఇంకొక మాట. మన ఎల్.వి. ప్రసాద్ గారు ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ నటించారు. హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ ఉన్న నటుడి పనిని మనం ఒక్కదానిలోనూ చూడలేము. ఒక్క ప్రింటూ మిగలలేదు.

ఏయూ విద్యార్థి:
నేను రంగస్థల కళల విభాగంలో చదువుతున్నాను. ఒక సందేహం. నాయర్ గారు దర్శకుడు కాలేకపోవడం వల్ల ఆర్కైవిస్టు అయ్యారని చదివితే కొంచెం బాధగా ఉంది. నటులు, దర్శకులు ఆయన్ను ఎలా చూసేవారు? గుమాస్తాగానా?

పెదవాల్తేరు:
తమ్ముడూ, మంచి ప్రశ్న. పూణేలో చదువుకున్న నసీరుద్దీన్ షా, జయా బచ్చన్ వంటి వాళ్లు ఆ డాక్యుమెంటరీలో ఆయన గురించి మాట్లాడే తీరు చూస్తే నీ సందేహం తీరుతుంది. విద్యార్థి అడిగిన సినిమాను వెదికి తీసి వేసి చూపించడం ఆయన పని. ఆయన మాత్రం చీకట్లో కూర్చుని, చిన్న టార్చి వెలుగులో నోటుబుక్కులో రాసుకుంటూ ఉండేవారు. అలా నిండిన పుస్తకాలకు లెక్క లేదు. అందుకే ఫలానా దృశ్యం ఎన్నో రీలులో వస్తుందో అడిగితే కాగితం చూడకుండా చెప్పేవారు. నటుడికి డైలాగు ఎలా నోటికి ఉంటుందో ఆయనకు రీలు అంకెలు అలా ఉండేవి.

కర్ణాటకలోని హెగ్గోడు గ్రామానికి ఆయన సినిమాలు పంపించిన సంగతి కూడా చెప్పాలి. కె.వి. సుబ్బణ్ణ గారి నాటక సంస్థ నీనాసం వాళ్లు అక్కడి రైతులకు ‘బైసికిల్ థీవ్స్’, ‘రాషోమాన్’ వంటి విదేశీ సినిమాలు చూపించారు. వక్కతోటల్లో పని చేసుకునే వాళ్లు ఆ సినిమాల గురించి మాట్లాడుతుంటే నాకు మాట పడిపోయింది. మన అరకులోనో భీమిలిలోనో అలాంటి ప్రయత్నం ఎవరైనా చేసి ఉంటే బాగుండేది.

పదవీ విరమణ తరువాత కొంతకాలం సొంత ఊళ్లో ఉండి, మళ్లీ పూణే వచ్చి ఆర్కైవుకు ఎదురుగా ఇల్లు తీసుకున్నారు. కిటికీలోంచి చూస్తే ఆ భవనం కనబడాలన్నది ఆయన కోరిక. దీన్ని గుమాస్తాగిరీ అనగలమా?

డాల్ఫిన్స్ నోస్:
అందరి భావోద్వేగాన్నీ గౌరవిస్తూనే వేరే మాట చెప్పదలిచాను. ఈ రోజుల్లో ఏ పాత సినిమా కావాలన్నా యూట్యూబులో దొరుకుతోంది. 2010 తరువాత హాళ్లన్నీ డిజిటల్‌కు మారిపోయాయి. తుప్పు డబ్బాల కోసం చల్లటి గదులు కట్టి కోట్లు ఖర్చు పెట్టడం కంటే, ఉన్నవన్నీ ఒకసారి స్కాన్ చేసి పెట్టుకుంటే సరిపోదా? పైగా నాయర్ గారు చెత్త సినిమాలను కూడా వదలకూడదన్న మనిషి. ప్రజల సొమ్ముతో చెత్తను దాచడం ఎందుకు?

పెదవాల్తేరు:
యూట్యూబులో ఉన్న వాటిలో ఎక్కువ భాగం ఒకప్పుడు టీవీ కోసమో సీడీ కోసమో చేసిన కాపీలే. పక్కలు కోసుకుపోయి, టైటిళ్లు సగం ఎగిరిపోయి, పాటలు కత్తిరించి ఉంటాయి. ఇప్పుడు విశాఖ హాళ్లలో 4కె అని రీ-రిలీజులు వేస్తుంటే తెల్లవారుజామున కాగితాలు ఎగరేస్తున్నాం కదా, ఆ 4కె ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో ఒకరు ప్రింట్లకు మూలమైన నెగటివు పారెయ్యకుండా ఉంచబట్టే వచ్చింది. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు జాతీయ ఆర్కైవుతో కలిసి ఎన్నో నగరాల్లో ఆయన సినిమాలు పది ప్రదర్శించారు. ఆ సంస్థను స్థాపించిన శివేంద్ర సింగ్ దుంగార్పూర్ గారే ‘సెల్యులాయిడ్ మ్యాన్’ తీసిన దర్శకుడు. నాయర్ గారి గురించి సినిమా తీస్తూ తీస్తూ ఆయన కూడా ఆ పనిలోనే పడిపోయారు.

చెత్త అన్న మాట గురించి. ఏది చెత్తో తేల్చే అధికారం ఆ కాలంలో ఉన్నవాడికి లేదన్నది నాయర్ గారి వాదం. మలయాళ మూకీ ‘మార్తాండ వర్మ’ 1933లో విడుదలైన కొద్ది రోజులకే నవల హక్కుల దావాలో చిక్కి ఆగిపోయింది. ప్రింటు దావా వేసిన పుస్తకాల షాపు వాళ్ల దగ్గర మూలన పడింది. ఆడని సినిమా కాబట్టి అరిగిపోలేదు, ఊళ్లు తిరగలేదు కాబట్టి పోలేదు. నాయర్ గారు వెళ్లి తెచ్చారు. జనం మెచ్చి ఊరూరా తిప్పినవి పోయాయి, కోర్టు ఆపినది బతికింది. ఇందులో మీరూ నేనూ ముందుగా ఊహించగలిగినది ఏముంది?

సిక్కోలు మాస్టారు:
చర్చ బాగుంది. అయితే మీరందరూ పూణే వైపే చూస్తున్నారు, మన వాకిట్లోని మనిషిని మరిచిపోయారు. రావి కొండలరావు గారి పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదేం?

1932 ఫిబ్రవరి 11న సామర్లకోటలో పుట్టినా ఆయన పెరిగింది మా శ్రీకాకుళంలో. నాటకాల పిచ్చితో మద్రాసు వెళ్లి పత్రికల్లో పని చేస్తూ, 1958లో ‘శోభ’తో తెర మీదకు వచ్చి, ఆరు వందలకు పైగా సినిమాల్లో వేశారు. డాక్టరు, మేష్టారు, పెళ్లికూతురి తండ్రి, లాయరు: రెండు దృశ్యాల్లో వచ్చి వెళ్లిపోయే పాత్రలే ఎక్కువ. ఆయన భార్య రాధాకుమారి గారు మన విజయనగరం ఆడపడుచు. తెర మీద కూడా ఇద్దరూ దంపతులుగా ఎన్నిసార్లు కనిపించారో చెప్పలేం. 1991లో వచ్చిన ‘పెళ్లి పుస్తకం’ కథ ఆయనదే. 2020 జూలై 28న హైదరాబాదులో పోయారు. అది కరోనా కాలం, పది మంది చేరి సంతాప సభ పెట్టుకునే వీలు కూడా లేకపోయింది.

నటుడిగా ఆయన్ను అందరూ ఎరుగుదురు. ఆర్కైవిస్టు అన్న మాట ఆయనకు ఎవరూ తగిలించలేదు. నేను తగిలిస్తాను. నాగిరెడ్డి గారి సినిమా పత్రిక ‘విజయచిత్ర’ను 1966 నుంచి సుమారు పాతికేళ్లు నడిపిన చెయ్యి ఆయనది. గాసిప్పులు లేకుండా సినిమా పత్రిక నడవదన్న వాళ్ల మధ్య, ఫలానా షాటు ఎలా తీశారు, ఫలానా పాట ఎక్కడ కుదిరింది, ఫలానా పాత్రకు ముందు ఎవరిని అనుకున్నారు అన్నవి పనిలో ఉన్న వాళ్ల నోటి నుంచే చెప్పించి అచ్చు వేశారు. పొద్దున షూటింగులో మేకప్పు వేసుకుని కూర్చున్న మనిషి సాయంత్రం పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. సెట్టు మీద కుర్చీ ఉన్నవాడికి దొరికే మాట బయటి విలేఖరికి దొరకదు. తరువాతి కాలంలో పుస్తకాలు రాసినా, టీవీలో మాట్లాడినా, ఆయన తేదీలు, పేర్లు తడుముకోకుండా చెప్పడం చూశాను. నాయర్ గారి రీలు అంకెల గురించి చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

తేడా ఒక్కటే. నాయర్ గారి వెనక సర్కారు భవనం, జీతం, చల్లటి గది ఉన్నాయి. కొండలరావు గారి వెనక ఒక నెలవారీ పత్రిక, ఒక జ్ఞాపకశక్తి ఉన్నాయి. పత్రిక ఆగింది, మనిషి పోయారు. అందుకే తెలుగు సినిమా గురించి మనకు కథలు కావలసినన్ని ఉన్నాయి, ఆ కథల్లోని సినిమాలు లేవు. రెండూ ఒక చోట కలవాలి. తెలుగు నేల మీద మన సినిమా కోసం ఒక ఆర్కైవు ఉంటే, ఇలాంటి నటుడిని అరవయ్యో ఏట తీసుకొచ్చి కూర్చోబెట్టి, ప్రింటు ఆడిస్తూ పక్కన మాటలు రికార్డు చేసి ఉండాల్సింది. ఇప్పటికీ ఎనభై దాటిన నటీనటులు, ఎడిటర్లు, మేకప్ మెన్ ఉన్నారు.

నా దగ్గర ఉన్న ‘విజయచిత్ర’ సంచికల సంగతి కూడా చెప్పుకోవాలి. ఉద్యోగ విరమణ తరువాత వాటిని సీతమ్మధారలో మా అబ్బాయి ఇంటికి తెచ్చాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కిటికీ రెక్కను ఊడబెరికింది. తెల్లవారి చూస్తే అట్టపెట్టెలో కాగితమంతా ఒకే ముద్ద. ఒక్కొక్క పేజీ మధ్య తెల్ల గుడ్డ పెట్టి, వారం పాటు కరెంటు లేని ఇంట్లో విసనకర్రతో ఆరబెట్టాను. పదకొండు సంచికలు చదవడానికి పనికొస్తున్నాయి. మిగిలినవి పారెయ్యలేదు, పారెయ్యను.

డాల్ఫిన్స్ నోస్:
మాస్టారూ, స్కాన్ చేస్తే చాలన్న నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మీ పదకొండు సంచికలు స్కాన్ చేయడానికి మాత్రం నా సగం మాట పనికొస్తుంది. నా దగ్గర మంచి స్కానర్ ఉంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కలుద్దామా? పేజీలు విప్పదీయకుండా పైనుంచి ఫోటో తీసే పద్ధతి కూడా ఉంది.

సిక్కోలు మాస్టారు:
తప్పకుండా నాయనా. కాకపోతే సంచికలు నా చేతిలోనే ఉంటాయి, నువ్వు ఫోటోలు తీసుకో.

మర్రిపాలెం:
ఈ చర్చ మొదటి నుంచి చదివి భయం పట్టుకుంది. మా మామగారు ఒకప్పుడు సినిమా పెట్టెలు రైలుకు ఎక్కించే పని చేసేవారు. ఆయన పోయాక అటక మీద ఒక రేకు డబ్బా దొరికింది. దాదాపు భోజనం పళ్లెమంత వెడల్పు ఉంది, మూత తుప్పుతో బిగుసుకుపోయింది. ఇంట్లో వాళ్లు పాత సామాన్ల వాడికి వేసెయ్యమంటున్నారు. నిన్న స్క్రూడ్రైవరుతో మూత కొంచెం లేపితే ఊరగాయ పులిసిన వాసన వచ్చి మళ్లీ మూసేశాను. నైట్రేటు అయితే ఇల్లు అంటుకుంటుందా?

క్యాబిన్ తాత:
పులిసిన వాసన వచ్చిందంటే అది ఎసిటేటు అయ్యే అవకాశమే ఎక్కువ, కంగారు పడకండి. అయినా పొయ్యి దగ్గరా ఎండలోనూ పెట్టకండి. అటక మీద నుంచి దింపి, గాలి ఆడే చల్లటి గదిలో, నేలకు తగలకుండా చెక్క మీద ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం కట్టెయ్యకండి, ఆ ఆవిరి లోపలే ఉండిపోయి జబ్బు ముదురుతుంది. ఫిల్మును లాగి చూడకండి. కుంచించుకున్న ఫిల్ముకు అంచు చిల్లులు ప్రొజెక్టరు పళ్లకు సరిపోవు, బలవంతం చేస్తే చిరిగిపోతుంది. పట్టీ అంచున సేఫ్టీ అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటే నైట్రేటు భయం చాలావరకు తీరినట్టే. వెయ్యి అడుగుల రీలయితే పదకొండు నిమిషాల సినిమా ఉంటుంది.

రీలును చేత్తో చుట్టే నా రివైండరు ఇంకా పని చేస్తోంది. మీకు అభ్యంతరం లేకపోతే ఆదివారం నేను వచ్చి చూస్తాను. డబ్బా మీద చీటీ ఏమైనా ఉందా?

మర్రిపాలెం:
చీటీ ఉంది తాతగారూ. సినిమా పేరు ఉన్న చోట తుప్పు తినేసింది. కింద ‘9’ అన్న అంకె, దాని పక్కన పెన్సిలుతో ‘విజయనగరం, రెండో ఆట’ అని మాత్రం కనబడుతున్నాయి. ఆదివారం పది గంటలకు ఎదురుచూస్తుంటాను.